34 అంగుళాల కర్వ్‌డ్ మానిటర్ కొనడానికి మాకు పట్టిన మూడు నెలలు

మాది అంబాజీపేట. హైదరాబాద్‌లో ఉన్న ఒక కంపెనీకి నేను ఇంటి నుంచే పేరోల్ పని చేస్తాను, అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్సెలే. తమ్ముడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, రాత్రి భోజనాలయ్యాక వాడి గేమ్స్ మొదలవుతాయి. ఇద్దరికీ మేడ మీద గదిలో ఒకటే బల్ల, ఒకటే మానిటర్. ఎప్పుడో 2017లో కొన్న 22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ అది. 2025 జులైలో దాని మీద కుడిపక్కన సన్నగా ఒక నిలువు గీత వచ్చింది, వారం తిరక్కుండా దాని పక్కన ఇంకోటి. నెలాఖరు జీతాల షీట్లలో సరిగ్గా ఆ గీత కింద అంకెలు ఉంటే 3 అనుకోవాలా 8 అనుకోవాలా అని టెన్షన్ పడ్డాను, ఎందుకంటే అవతల ఎవరిదో జీతం అది.

కొత్తది కొందాం అనగానే తమ్ముడు "అక్కా, కర్వ్‌డ్ అల్ట్రావైడ్ తీసుకుందాం, నేనూ పదివేలు వేస్తాను" అన్నాడు. వాడు పిల్లలకి ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులవి. నావి ఇరవై వేలు. మొత్తం ముప్ఫై దాటకూడదు అని ముందే గీత గీసుకున్నాం.

కర్వ్‌డ్ అంటే వంపు తిరిగిన స్క్రీన్. అల్ట్రావైడ్ అంటే తెలియనివాళ్లకి ఒక్క మాట. మామూలు మానిటర్ వెడల్పు, ఎత్తు 16:9 నిష్పత్తిలో ఉంటాయి, అల్ట్రావైడ్‌కి దాదాపు 21:9. 34 అంగుళాలు అని వినగానే హాల్లో టీవీ అంత ఉంటుందనుకుంటాం గానీ, 34 అంగుళాల అల్ట్రావైడ్ ఎత్తు 27 అంగుళాల మామూలు మానిటర్ ఎత్తంతే, పెరిగేదంతా వెడల్పే. స్క్రీన్ 80 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది, అంటే రెండు కిటికీలు (విండోలు) కాదు, మూడు కిటికీలు పక్కపక్కన పెట్టుకోవచ్చు.

ఆగస్టులో ఒక శనివారం ఇద్దరం బస్సెక్కి కొత్తపేట, రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లాం. తిరిగిన షాపుల్లో చాలావాటిల్లో 24, 27 అంగుళాలవే ఉన్నాయి. ఒక్క షాపులో మాత్రం 34 అంగుళాల కర్వ్‌డ్ పెట్టి ఉంది, రేటు పంతొమ్మిది వేలు. దాని మీద ఏదో సముద్రం వీడియో తిరుగుతోంది, ఎంత బాగుందో. తమ్ముడైతే జేబులోంచి ఫోను తీసేశాడు డబ్బులు కొట్టడానికి. "ఒక్క నిమిషం అండీ, నా లాప్‌టాప్ తగిలించి చూడొచ్చా" అని అడిగాను. పాపం షాపాయన కాదనలేదు, కేబుల్ ఇచ్చారు.

ఎక్సెల్ తెరిచాను. అక్షరాలు పెద్దగా ఉన్నాయి గానీ అంచులు గరుగ్గా ఉన్నాయి. తెలుగు వార్తల పేజీ ఒకటి తెరిస్తే వత్తులు అలుక్కుపోయినట్టు, "క్ష" కింద ఏముందో పోల్చుకోవడానికి ముందుకి వంగాల్సి వచ్చింది. వీడియోలో కనపడని తేడా అక్షరంలో కనపడింది. కారణం అప్పటికి నాకు తెలియదు, కొనబుద్ధి మాత్రం కాలేదు. తమ్ముడు జొన్నాడ వంతెన దాటేదాకా నాతో మాట్లాడలేదు.

ఆ బస్సులోనే కూర్చుని లెక్క వేశాను. ఆ మానిటర్ రిజల్యూషన్, అంటే అడ్డంగా, నిలువునా ఉండే పిక్సెల్స్ (బొమ్మని గీసే చుక్కలు) లెక్క, 2560 బై 1080. అంటే నిలువునా మా పాత 22 అంగుళాల దానికి ఉన్న 1080 చుక్కలే దీనికీ, కాకపోతే ఇంకా పొడవాటి స్క్రీన్ మీద సాగదీశారు. అంగుళానికి ఎన్ని పిక్సెల్స్ అన్నదే అక్షరం నాణ్యత. మా పాతదానికి అది 100. షాపులో చూసినదానికి దాదాపు 82. పంతొమ్మిది వేలు పెట్టి ఇంట్లో ఉన్నదాని కంటే మసకగా కనపడేది తెచ్చుకునేవాళ్లం! అదే 34 అంగుళాల్లో 3440 బై 1440 ఉన్నవాటికైతే 110 వస్తుంది. పెట్టె మీద రెండింటికీ "34 అంగుళాల కర్వ్‌డ్ అల్ట్రావైడ్" అనే రాసి ఉంటుంది. ధరలో పది పన్నెండు వేల తేడా ఎందుకో చిన్న అక్షరాల్లో ఉన్న ఆ రెండు అంకెల్లో ఉంది. ఈ ఒక్క ముక్క చెప్పడానికే ఇదంతా రాయడం మొదలుపెట్టాను.

నా పని భాషలో చెప్పాలంటే ఇంకా తేలిక. ఎక్సెల్‌లో మామూలు కాలమ్ వెడల్పు 64 పిక్సెల్స్. జూమ్ నూరు శాతం మీద పాత మానిటర్‌లో A కాలమ్ నుంచి AC దాకా, అంటే 29 కాలమ్స్ కనపడేవి. 2560లో అయితే 39. 3440లో 52, అంటే AZ దాకా పూర్తిగా. ఇక ఎత్తు సంగతికొస్తే, 1080 నుంచి 1440కి వెళ్తే ఇంకో 360 పిక్సెల్స్, ఒక్కో వరస 20 పిక్సెల్స్ కాబట్టి ఇంకో 18 మంది ఉద్యోగుల వరసలు స్క్రోల్ చేయకుండా కనపడతాయి. 2560 బై 1080లో ఆ పద్దెనిమిదీ రావు.

సరే, 3440 బై 1440 అని తేలింది. ముప్ఫై వేల చుట్టుపక్కల రేటులో మా ఇద్దరికీ ఎదురైనవి ఎల్‌జీ, శామ్‌సంగ్, షావోమీ, గిగాబైట్, ఏఓసీ, ఎంఎస్‌ఐ. వంపు ఒకదానికి 1000ఆర్, ఒకదానికి 1500ఆర్, ఒకదానికి 1800ఆర్, ఈ అంకె తగ్గేకొద్దీ వంపు ఎక్కువ. తమ్ముడేమో వంపు ఎక్కువుంటేనే మజా అంటాడు. నాకేమో ఎక్సెల్ గీతలు వంకరగా కనపడితే ఎలా అని దిగులు. చూడకుండా ఇది తేలదు. రాజమండ్రిలో దొరకలేదు కదా, అప్పుడు గుర్తొచ్చింది, నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు భీమవరంలో ఉంటుంది, వాళ్లాయన పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తారు, ఆయన దగ్గర ఇలాంటిదే ఉందని ఏదో ఫొటోలో చూశాను. ఫోన్ చేస్తే "దానికి అడగడమేంటే, వచ్చెయ్యి" అంది.

రాజోలు, దిండి, చించినాడ వంతెన, పాలకొల్లు, అక్కణ్ణుంచి భీమవరం. ఈసారి ఒక్కదాన్నే వెళ్లాను, ఆఫీసు లాప్‌టాప్ పట్టుకుని. అన్నయ్యగారు ఆ రోజు పని ఆపుకుని కుర్చీ నాకు వదిలేశారు, రెండు గంటలు కూర్చున్నాను. ఏ రివ్యూ వీడియో చూసినా ఆ రెండు గంటలకి సాటి రాలేదు నాకు.

వాళ్లది 1500ఆర్. ఆర్ ముందున్న అంకె మిల్లీమీటర్లలో వ్యాసార్ధం, అంటే ఒకటిన్నర మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తంలోంచి కోసుకున్న ముక్క లాంటి వంపు. మొదటి పది నిమిషాలు షీట్ పై గీత నిజంగానే విల్లులా కనపడింది. అరగంటకి కళ్లు అలవాటు పడ్డాయి, తర్వాత గుర్తే లేదు. అసలు వంపెందుకు అని ఆయన్ని అడిగితే టేపు తెచ్చి కొలిచి చూపించారు. వంపు లేకుండా తిన్నగా ఉండే 80 సెంటీమీటర్ల స్క్రీన్‌కి 75 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే, మధ్యభాగం కంటికి 75లో ఉంటుంది, పక్క అంచులు 85లో. 1500ఆర్ వంపుకి అంచులు ఐదు సెంటీమీటర్లు ముందుకొస్తాయి కాబట్టి వాటి దూరం 80కి తగ్గుతుంది. మధ్యలోంచి చివరికి చూపు తిప్పిన ప్రతిసారీ కన్ను సర్దుకోవాల్సిన తేడా సగానికి సగం పోతుందన్నమాట. 27 అంగుళాల దానికి వంపు ఉన్నా లేకపోయినా ఒకటే అని నాకనిపిస్తుంది, 34కి మాత్రం పనికొచ్చేదే.

చూసొచ్చినందుకు ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. ఈ ధరలో దొరికే కర్వ్‌డ్ మానిటర్లలో ఎక్కువ వీఏ ప్యానెల్. వీఏ, ఐపీఎస్ అనేవి స్క్రీన్ తయారీలో రెండు రకాలు. నలుపు బాగా నల్లగా ఉంటుంది, కాంట్రాస్ట్ (తెలుపుకీ నలుపుకీ వెలుగులో తేడా) మామూలు ఐపీఎస్‌కి 1000:1 అయితే వీఏకి 3000:1 దాకా. కానీ చీకటి సీన్లలో బొమ్మ వేగంగా కదిలితే వెనకాల నల్లటి మరక లాగినట్టు కనపడుతుంది. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద బూడిదరంగు అక్షరాలున్న పేజీని గబగబా స్క్రోల్ చేసి చూశాను, ఉంది, కనపడింది. నా పనికి అది అడ్డం కాదు. తమ్ముడికి ఫోన్‌లో వీడియో తీసి పంపితే వాడు నాలుగైదుసార్లు చూసి "ఇది ఓకే అక్కా" అన్నాడు.

రెండోది పెద్దది. నా ఆఫీసు లాప్‌టాప్ 2020 నాటిది, మానిటర్ కేబుల్ పెట్టే దాని హెచ్‌డీఎంఐ పోర్టు పాత 1.4 రకం. తగిలిస్తే 3440 బై 1440 వచ్చింది గానీ రిఫ్రెష్ రేటు, అంటే సెకనుకి స్క్రీన్ ఎన్నిసార్లు కొత్తగా గీస్తుందో అది, 50 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయింది, మౌస్ నీళ్లలో ఈదినట్టు కదులుతోంది. నాకు గుండె జారిపోయింది, ముప్ఫై వేలు పెట్టి కొని ఆఫీసు లాప్‌టాప్‌కే పనికి రాకపోతే! ఆయన లాప్‌టాప్‌ని తిప్పి చూసి, టైప్-సీ పోర్టు పక్కన మెరుపు గుర్తు ఉందని చూపించి, టైప్-సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి (మానిటర్‌కి ఉండే ఇంకో రకం పోర్టు) వెళ్లే కేబుల్ తగిలించారు. వెంటనే నున్నగా కదిలింది. టైప్-సీ ఉన్నంత మాత్రాన అన్నిట్లోంచీ వీడియో రాదట, పక్కన థండర్‌బోల్ట్ మెరుపు గానీ డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ ఉందో లేదో చూసుకోవాలి. లేదా లాప్‌టాప్ మోడల్ పేజీలో చదువుకోవాలి. ఆ కేబుల్ తొమ్మిది వందలు. మానిటర్ పెట్టెలో రాదు, దాన్ని కూడా బడ్జెట్‌లో కలుపుకున్నాను.

ఇక ధర. మేము చూస్తున్న మోడల్ ఆగస్టులో 32 వేలు ఉంది, మా గీత దాటేసింది. సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ రేట్లు మార్చింది. 32 అంగుళాలు దాటిన మానిటర్లకి అప్పటిదాకా 28 శాతం పన్ను ఉండేది, సెప్టెంబరు 22 నుంచి 18 శాతం అన్నారు. 32 వేలలో అసలు ధర 25 వేలు, పన్ను 7 వేలు. కొత్త పన్ను ప్రకారం 29,500 అవ్వాలి. 27 అంగుళాలవాటికి ముందు నుంచే 18 కాబట్టి వాటికి ఈ తేడా లేదు. నాన్నగారితో ఈ మాట అంటే, ఆయన కొబ్బరికాయల వ్యాపారంలో ముప్ఫై ఏళ్లుగా రోజూ రేటు చూసి సరుకు తోలే మనిషి కదా, "అయితే ఇరవై రోజులు ఆగలేరేంటమ్మా, గీతలు పడ్డా పని నడుస్తోందిగా" అన్నారు. ఆగాం. ఆ గీతల కింద పడే కాలమ్‌ని పక్కకి జరుపుకుంటూ సెప్టెంబరు జీతాలు వేశాను. దసరా తర్వాత కార్డు తగ్గింపు కూడా కలిసి 28 వేల చిల్లరకి ఆన్‌లైన్‌లో బుక్ చేశాం. 1500ఆర్, 144 హెర్ట్జ్, వీఏ.

ఐదో రోజున పెట్టె వచ్చింది. మోయడానికి ఇద్దరు కావాలి, మీటరు పొడవుంది. తమ్ముడు విప్పుతుంటే నేను మొదటి టేపు కోసిన దగ్గర్నుంచీ ఆపకుండా వీడియో తీశాను. విప్పేటప్పుడు స్క్రీన్ మీద అరచేయి పెట్టి ఎత్తకూడదు, వంపు ప్యానెల్ మధ్యలో నొక్కుకుపోతే మరక పడుతుంది. స్టాండు పట్టుకునే లేపాలి. తగిలించాక ముందు గేమ్ కాదు, రంగులు. మొత్తం స్క్రీన్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు ఒక్కొక్కటే పెట్టుకుని దగ్గరగా వెతికాం. నలుపు మీద దాదాపు నడిమధ్యన ఒక ఎర్ర చుక్క. తుడిచినా పోలేదు. ఆపి మళ్లీ పెట్టినా అదే.

తమ్ముడు "ఒక్క చుక్కే కదా, వదిలెయ్ అక్కా" అన్నాడు, మళ్లీ వారం ఆగడం వాడికి ఇష్టం లేక. నేను ఒప్పుకోలేదు. ఒకటీ అరా పిక్సెల్ పోతే చాలా కంపెనీలు వారంటీలో అది లోపమే కాదంటాయి, మన చేతిలో ఉన్నదల్లా అమ్మినవాళ్లు ఇచ్చే ఆ ఏడు రోజుల గడువే. ఆ సాయంత్రమే ఫొటోలతో రీప్లేస్‌మెంట్ పెట్టాను. మొదట కాదన్నారు, చూడ్డానికి మనిషిని పంపిస్తామన్నారు, రెండు రోజులు ఎవరూ రాలేదు. రోజుకి రెండుసార్లు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు చెప్పి, వీడియో పంపి, ఐదో రోజున ఒప్పించాను. రెండో పెట్టె దీపావళి ముందు వచ్చింది. మళ్లీ అయిదు రంగులూ పెట్టి చూశాం. శుభ్రంగా ఉంది. నలుపులో కింది అంచున కొంచెం వెలుగు చిమ్ముతుంది, పగటిపూట తెలియదు, అంతవరకు ఈ ధరలో ఒప్పుకోవాల్సిందే.

మేము ముందు ఆలోచించనిది బల్ల. తాతగారి కాలం నాటి టేకు బల్ల, గట్టిదే, కానీ లోతు 60 సెంటీమీటర్లు. మానిటర్ స్టాండు కాళ్లు వీ ఆకారంలో పాతిక సెంటీమీటర్లు ముందుకొస్తాయి, స్క్రీన్ ముఖం మీదకొచ్చేసింది. రెండు రోజులకే మెడ పట్టేసింది, ఎందుకంటే కళ్లు తిప్పితే సరిపోవాల్సిన చోట తల తిప్పుతున్నాను. స్టాండు తీసేసి, బల్ల వెనక అంచుకి బిగించి మానిటర్‌ని పట్టుకునే చెయ్యి లాంటి ఆర్మ్ కొన్నాం, రెండు వేల మూడు వందలు. కొనేముందు మానిటర్ వెనక నాలుగు మరల మధ్య దూరం కొలవండి, మాది 100 మిల్లీమీటర్లు, కొన్నిటికి 75 ఉంటుంది. స్టాండు లేకుండా బరువెంతో కూడా చూడండి, మాది ఆరు కిలోలు, ఆర్మ్ తొమ్మిది కిలోలు మోస్తుంది. బల్ల అంచున కింద పట్టీ అడ్డొస్తే మా వీధిలో వడ్రంగి బాబాయ్ వచ్చి ఆ మేరకు చెక్కి ఇచ్చారు. ఇప్పుడు స్క్రీన్ గోడకి ఆనుకుని ఉంటుంది, కంటికీ దానికీ 75 సెంటీమీటర్లు.

ఆఫీసు పనిలో మార్పు ఎంతంటే, ఎడమ సగంలో హాజరు, కుడి సగంలో జీతాల షీట్, రెండూ చదవగలిగే సైజులో. ఆల్ట్-ట్యాబ్ కొట్టడం దాదాపు మర్చిపోయాను. ఒక ఇబ్బంది టీమ్స్ మీటింగ్‌లో తగిలింది. స్క్రీన్ మొత్తం షేర్ చేస్తే అవతల చిన్న లాప్‌టాప్‌లో చూసేవాళ్లకి పైనా కిందా నల్లపట్టీలు, మధ్యలో సన్నటి రిబ్బను, అక్షరాలు చీమల్లా. మా మేనేజర్‌గారు "అమ్మా, ఏమీ కనపడట్లేదు" అన్నారు. అప్పట్నుంచి స్క్రీన్ కాకుండా ఒక్క కిటికీనే షేర్ చేస్తున్నాను.

గేమ్స్ సంగతి తమ్ముడి మాటల్లోనే కొంత. వాడి డెస్క్‌టాప్‌లో ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉంది. ఫుల్ హెచ్‌డీలో ఇరవై లక్షల పైచిలుకు పిక్సెల్స్ గీసే కార్డు ఇప్పుడు దాదాపు యాభై లక్షలు గీయాలి, దగ్గర దగ్గర రెండున్నర రెట్లు. పెద్ద గేమ్స్‌లో అన్ని సెట్టింగ్సూ అల్ట్రా (అన్నిటికంటే ఎక్కువ) పెట్టుకుని ఆడే రోజులు పోయాయి, డీఎల్ఎస్ఎస్ (తక్కువ పిక్సెల్స్‌తో గీసి పెద్దది చేసే సదుపాయం) పెట్టి, నీడలు తగ్గించి ఆడుతున్నాడు. జీటీఏ 5 లాంటివి స్క్రీన్ నిండా వస్తాయి, రోడ్డుకి రెండు పక్కలా కనపడుతుంటే కారులో కూర్చున్నట్టే ఉందంటాడు. వాడు ఎక్కువగా ఆడే వాలరెంట్‌కి మాత్రం అల్ట్రావైడ్ సపోర్టు లేదు, మ్యాచ్‌లో రెండు పక్కలా నల్లపట్టీలే. ఇది ముందే తెలుసుకుని కొన్నాం కాబట్టి బాధ లేదు, కానీ మీ ఇంట్లో ఎవరైనా ఆ ఒక్క గేమ్ కోసమే అడుగుతుంటే కొనేముందు చెప్పండి. ఇంకోటి, మొదటి రెండు రాత్రులు వాడు హెచ్‌డీఎంఐ మీద ఆడాడు. 144 అని కొన్నది సెట్టింగ్స్‌లో 100 చూపిస్తోందని కంగారు. హెచ్‌డీఎంఐ 2.0 మీద ఈ రిజల్యూషన్‌కి మామూలుగా 100 దగ్గరే ఆగుతుంది, పెట్టెలో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వేయగానే 144 వచ్చింది. అది వేశాక కూడా విండోస్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి మనమే 144 ఎంచుకోవాలి. మరి ఆ పోర్టు వాడు తీసుకున్నాక నా టైప్-సీ కేబుల్ ఎక్కడ పెట్టాలి? మా మానిటర్‌కి డిస్‌ప్లేపోర్ట్‌లు రెండున్నాయి కాబట్టి గొడవ లేకుండా పోయింది. అది అదృష్టమే, మేము కొనేటప్పుడు లెక్కపెట్టలేదు. మీరు లెక్కపెట్టుకోండి.

కరెంటు మాట కూడా చెప్పాలి. మాకు గాలివాన వస్తే కొబ్బరి మట్ట తీగల మీద పడి కరెంటు పోవడం మామూలే. మానిటర్, నెట్ రూటర్ రెండూ ఇంటి ఇన్వర్టర్ లైను మీదకి మార్పించాను. డెస్క్‌టాప్ దాని మీద పెట్టలేదు, దాని యూపీఎస్ దానికి ఉంది. ఉరుములు మొదలైతే ప్లగ్గులన్నీ పీకేస్తాం. మొదట్లో ఆర్మ్ ఇనుము ముట్టుకుంటే సన్నగా జిల్లుమనేది, ఎలక్ట్రీషియన్ చూసి ఎర్తు వైరు ఊడిపోయిందన్నారు, సరిచేశాక పోయింది.

మొత్తం ఖర్చు మానిటర్, ఆర్మ్, కేబుల్ కలిపి 31 వేలు దాటింది. గీత కాస్త దాటాం, ఆ పైది నేనే వేసుకున్నాను.

తణుకులో ఉండే మా టీమ్ అమ్మాయి మొన్న ఫోన్ చేసి, తన దగ్గర పద్దెనిమిది వేలే ఉన్నాయి, రాజమండ్రిలో నేను చూసినలాంటి 34 అంగుళాలది తీసుకోనా అని అడిగింది. వద్దన్నాను. ఆ డబ్బుకి 27 అంగుళాల 2560 బై 1440 తిన్నటి స్క్రీన్ వస్తుంది, అంగుళానికి 109 పిక్సెల్స్, ఎత్తు నా మానిటర్ ఎత్తే, అక్షరం ఇదే స్పష్టతతో ఉంటుంది, పోయేది పక్కల వెడల్పు ఒక్కటే. తను ఇంకా వంపు మీద మనసు చంపుకోలేకపోతోంది. ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను, ఆఫీసు లాప్‌టాప్ తెచ్చుకుని రెండు గంటలు కూర్చోమని.